స్కాట్ హార్టన్: వినడం మేలా, చదవడం మేలా?

అమెరికా చేసిన యుద్ధాల గురించి తెలుసుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టను అని ఎవరడిగినా నా నోట మొదట వచ్చే పేరు స్కాట్ హార్టన్, యుద్ధాలను వ్యతిరేకించే రేడియో వ్యాఖ్యాత. టెక్సస్‌లోని ఆస్టిన్‌ ఆయన ఊరు. 2003 నుంచి ఆయన చేసిన ఇంటర్వ్యూలు 5,000 దాటాయి. 2017 నుంచి పుస్తకాలూ వస్తున్నాయి. అందుకే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: ఆయన్ని వినాలా, చదవాలా? (ఇదే పేరుతో హార్పర్స్ పత్రికకు రాసిన ఓ మానవ హక్కుల లాయరు కూడా ఉన్నారు. వెతికేటప్పుడు ఇద్దరూ కలగాపులగం అవుతారు, చూసుకోండి.)

ముందు రేడియో సంగతి. ఆస్టిన్‌లో చిన్న ఎఫ్ఎం స్టేషన్లతో మొదలుపెట్టి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో కేపీఎఫ్‌కే 90.7లో ‘యాంటీవార్ రేడియో’ నడిపారు. శ్రోతల చందాలతో నడిచే స్టేషన్ అది. ప్రశ్న అడిగే ముందు హార్టన్ పూర్వకథంతా తనే చెప్పేస్తారు. ఏ ఏడాది ఏం జరిగింది, ఎవరికి ఎవరు ఆయుధాలిచ్చారు అన్నవి గడగడా అప్పజెప్పి, ఆ పైన అతిథికి వదిలేస్తారు. గారెత్ పోర్టర్, ప్యాట్రిక్ కాక్‌బర్న్ లాంటి విలేకరులు మళ్ళీ మళ్ళీ వస్తారు.

ఈ ఇంటర్వ్యూల అసలు విలువ వాటి మీదున్న తేదీలో ఉంది. ఇరాక్ యుద్ధం తప్పని ఈరోజు ఎవరైనా అంటారు. 2006 నాటి ఇంటర్వ్యూలో మాట్లాడేవాళ్ళకు 2007లో ఏం జరగబోతోందో తెలీదు. తెలియకుండానే ఏం ఊహించారు, ఏది నిజమైంది, ఏది తప్పింది అన్నది మనం సరిచూసుకోవచ్చు. పుస్తకానికి ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. ముగింపు తెలిశాక రాసేదే ఎక్కువ.

అయితే కొత్తవాళ్ళకు రేడియో కష్టమే. ఓసారి పొద్దున్నే నడకకు వెళ్తూ సిరియా మీద ఇంటర్వ్యూ పెట్టుకున్నాను. పది నిమిషాల్లో మూడుసార్లు ఆపాను. నుస్రా ఎవరు, వాళ్ళకూ ఐసిస్‌కూ తగువేంటి, టర్కీ ఎవరి వైపు? ఏదీ అందలేదు. ఇంటికొచ్చి ఓ కాగితం మీద పేర్లు రాసుకుని బాణం గుర్తులు గీసుకుంటే తప్ప మిగతా సగం బుర్రకెక్కలేదు. పైగా టెక్సస్ యాస, వేగం. ఇంకో లోపం కూడా ఉంది. వచ్చే అతిథుల్లో ఎక్కువమంది ఆయనతో ఏకీభవించేవాళ్ళే. ఎదురు వాదనకు ఆయన ఎలా నిలబడతారో చూడాలంటే 2021లో న్యూయార్క్‌లో బిల్ క్రిస్టల్‌తో జరిగిన చర్చ వినాలి. ఇరాక్ యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన మనిషి ఎదురుగా ఉంటే హార్టన్ మాట ఇంకా పదునెక్కింది.

ఇక పుస్తకాలు. 2017లో వచ్చిన ‘ఫూల్స్ ఎరాండ్’ అఫ్ఘానిస్తాన్ గురించి. సోవియట్ సైన్యాన్ని కొండల్లోకి లాగి రక్తం ఓడేలా చేసినట్టే అమెరికానూ అక్కడికి రప్పించాలన్నది బిన్ లాడెన్ పన్నాగమనీ, వాషింగ్టన్ నేరుగా ఆ వలలో పడిందనీ హార్టన్ వాదన. 2001 డిసెంబరులో తోరాబోరా కొండల్లో లాడెన్ చేజారిపోయాడు. అయినా సైన్యం వెనక్కి రాలేదు. 2009 డిసెంబరులో ఒబామా మరో 30,000 మందిని పంపుతున్నట్టు ప్రకటించాడు. ఒక్కో మాటకూ ఆధారాలు ఉంటాయి, మనమే వెళ్ళి చూసుకోవచ్చు. పుస్తకం వచ్చిన ఏడాదే ట్రంప్ కూడా బలగాలు పెంచుతానన్నాడు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది. అంటే ఈ పుస్తకం కూడా ముగింపు తెలియకముందు రాసిందే. రేడియోకున్న గుణం దీనికీ ఉంది. అందుకే నాకిది ఇష్టం.

2021లో వచ్చిన ‘ఇనఫ్ ఆల్రెడీ’ వైశాల్యం ఎక్కువ: ఇరాక్, సోమాలియా, లిబియా, సిరియా, యెమెన్ అన్నీ ఉంటాయి. పక్కన పెట్టుకుని ఏ దేశం కావాలంటే ఆ దేశం తీసి చూడటానికి బాగుంటుంది. 2024లో వచ్చిన ‘ప్రొవోక్డ్’ (అంటే రెచ్చగొట్టారని) ఉక్రెయిన్ గురించి. చాలా పెద్దది, దాంతో మొదలుపెట్టొద్దు. వాషింగ్టన్ తప్పుల మీదే అందులో వెలుగు పడుతుంది. 2022 ఫిబ్రవరిలో ట్యాంకులు పంపిన నిర్ణయం పుతిన్‌దేనన్న సంగతి మనం మర్చిపోకూడదు. రెచ్చగొట్టారనడం వేరు, దాడి న్యాయమనడం వేరు.

మధ్యేమార్గం ఒకటుంది. 2022 నాటి ‘హాటర్ దాన్ ద సన్’లో అణ్వాయుధాల మీద చేసిన ఇంటర్వ్యూలే అచ్చులో ఉన్నాయి. వియత్నాం యుద్ధం మీద పెంటగాన్ రహస్య పత్రాలు బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్, పరిశోధక విలేకరి సీమోర్ హెర్ష్ లాంటి వాళ్ళ మాటలు. యాస అందనివాళ్ళకు ఇది హాయి. కాకపోతే గొంతులోని వేడి కాగితం మీదికి రాదు.

నా ఓటు ముందు పుస్తకానికే, అందులోనూ ‘ఫూల్స్ ఎరాండ్’కి. అది చేతిలో ఉండగానే రేడియో దగ్గరికి వెళ్ళండి. 2009 నాటి బలగాల పెంపు గురించి చదివిన రాత్రి, ఆ ఏడాది చివరి నెలల ఇంటర్వ్యూలు తీసి పెట్టుకోండి. అప్పటికింకా ఆ 30,000 మందిలో చాలామంది బయల్దేరలేదు.