ఆముదాలవలస నుంచి గన్నవరం టవర్ దాకా

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు అప్లై చేసినప్పటి నుంచీ నాకు ఒకటే కోరిక. పరీక్ష రాసేలోపు ఒక్కసారైనా కంట్రోల్ టవర్ ఎక్కి చూడాలి. పరీక్షలో వచ్చే 120 ప్రశ్నల్లో సగం మ్యాథ్స్, ఫిజిక్స్. మిగతా సగం ఇంగ్లిష్, రీజనింగ్ లాంటివి. వాటిలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, ఆ కుర్చీలో కూర్చోగలనో లేదో ఎలా తెలుస్తుంది?

మాది ఆముదాలవలస. దగ్గర్లో ఉన్నది విశాఖ. కానీ అక్కడి రన్‌వే నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాది, కంట్రోలర్లూ నేవీ వాళ్లే. నేను చేరాలనుకునేది అథారిటీలో కాబట్టి గన్నవరం ఎంచుకున్నాను. తెలంగాణ వాళ్లకు ఒక మాట: శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపేది జీఎంఆర్ అయినా, అక్కడ ఏటీసీ మాత్రం అథారిటీదే. ఉత్తరం ఎవరికి రాయాలో ముందే చూసుకోండి.

అంతకుముందు వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద విమానాశ్రయానికి మెయిల్ పెట్టి నెలన్నర ఎదురుచూశాను. జవాబు రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నా మెయిల్‌లోనూ లోపం ఉంది. "ఏటీసీ చూడాలని ఉంది" అని రెండు లైన్లు రాసి ఊరుకున్నాను. గన్నవరానికి మాత్రం ఎయిర్‌పోర్ట్ డైరెక్టర్ పేరిట పూర్తి ఉత్తరం రాశాను. అప్లికేషన్ నంబరు, డిగ్రీ వివరాలు, ఎందుకు చూడాలనుకుంటున్నానో, నాకు వీలైన మూడు తేదీలు రాసి, ఆధార్ కాపీ, కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చిన లెటర్ జతచేశాను. పదిహేను రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. పాస్ నా ఒక్కదానికే. ఫోన్, కెమెరా లోపలికి తేకూడదు.

నాన్నా నేనూ రాత్రి రైలెక్కి తెల్లవారుజామున విజయవాడలో దిగాం. స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్‌ను ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవడం మంచిదైంది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి. గన్నవరం దగ్గర హైవే పక్కన ఒక లాడ్జిలో కూడా గది అడిగాం కానీ, ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, తర్వాత చెప్పిన రేటు ఇంకొకటి. పొద్దున్నే పని ఉన్నవాళ్లకు స్టేషన్ గదే మేలు. బస్టాండ్ నుంచి గన్నవరం ఇరవై కిలోమీటర్ల దూరమే, బస్సులు వస్తూనే ఉంటాయి. నాన్న టెర్మినల్ బయట కూర్చున్నారు, నేను లోపలికి వెళ్లాను.

పైన గది చిన్నదే. చుట్టూ అద్దాలు బయటి వైపు వాలి ఉన్నాయి, లోపలి లైట్ల ప్రతిబింబం కళ్లకు అడ్డుపడకుండా. నేను ఊహించుకున్న హడావిడి లేదు. అందరూ నెమ్మదిగా మాట్లాడుతున్నారు. డ్యూటీలో ఉన్న కంట్రోలర్ మేడమ్ ముందే చెప్పారు: "రేడియో మోగుతున్నప్పుడు నన్ను ఏమీ అడగొద్దమ్మా, ఖాళీ దొరికితే నేనే చెప్తాను."

హైదరాబాద్ వెళ్లే ఏటీఆర్ (రెక్కలకు ప్రొపెల్లర్లు ఉండే చిన్న విమానం) రన్‌వే చివర ఆగి ఉంది. ఇండిగో వాళ్ల విమానాన్ని రేడియోలో "ఐఫ్లై" అని పిలుస్తారని అప్పుడే తెలిసింది. మేడమ్ గాలి దిశ, వేగం చెప్పి టేకాఫ్‌కు అనుమతి ఇచ్చారు. పైలట్ ఆ మాటల్నే తిరిగి అప్పజెప్పాడు. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా మేడమ్ తల కూడా తిప్పలేదు. విమానం లేచాక నా వైపు తిరిగి, "చెప్పడం సగమే. వాళ్లు తిరిగి చెప్పింది సరిగ్గా వినడం మిగతా సగం" అన్నారు.

"టేకాఫ్" అన్న మాటను ఆ అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చింది రద్దు చేసేటప్పుడో తప్ప వాడరట. మిగతా సందర్భాల్లో "డిపార్చర్" అంటారు. దాని వెనక 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫ్‌లో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయిన ప్రమాదం ఉంది. ఒక విమానం టేకాఫ్‌కు అనుమతి లేకుండానే కదిలింది, రేడియోలో మాటలు అస్పష్టంగా వినిపించాయి. మేడమ్ ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె చూపు రన్‌వే మీదే ఉంది.

రేడియో పనిచేయకపోతే విమానానికి చూపించే సిగ్నల్ లాంప్‌ను కూడా నా చేతికిచ్చారు. ఆగకుండా వెలిగే పచ్చ లైటు గాలిలో ఉన్న విమానానికి దిగమని చెబుతుంది. డ్యూటీ మారేటప్పుడు ఇంకో కంట్రోలర్ వచ్చి కాసేపు పక్కనే నిలబడి విన్నారు. ఏ విమానం ఎక్కడుందో, రన్‌వే మీద ఏమైనా పని జరుగుతోందో అన్నీ అప్పజెప్పాకే మేడమ్ హెడ్‌సెట్ తీశారు.

పెద్ద విమానాశ్రయం అయితే రాడార్ గదులు ఎక్కువ చూసేదాన్నేమో. కానీ గన్నవరంలో విమానానికీ విమానానికీ మధ్య దొరికిన ఖాళీలోనే నా ప్రశ్నలకు జవాబులు దొరికాయి. మొదటిసారి చూసేవాళ్లకు మధ్యరకం విమానాశ్రయమే సరైనదని నా నమ్మకం.

ఈ ఉద్యోగానికి ఎంపికలో ఉండే వాయిస్ టెస్ట్ అంటే గొంతు బాగుంటే చాలనుకునేదాన్ని. ఇప్పుడు రోజూ సాయంత్రం తమ్ముడు అంకెలు కలిపి వాక్యాలు చదువుతాడు, నేను ఒక్కసారే విని తిరిగి చెప్తాను.