మూత కింద ఇరుక్కున్న వేడి: ఒక డీలిడ్ పరికరం సమీక్ష

నా కోర్ ఐ7-7700కె ప్రాసెసర్‌కు 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌తో వాటర్ కూలింగ్ అమర్చి, 4.8 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసే స్ట్రెస్ టెస్ట్ నడిపితే, కోర్లు 90 డిగ్రీలు దాటుతున్నా గొట్టాలు మాత్రం పట్టుకుంటే చల్లగానే ఉండేవి. ఫ్యాన్లు, పంపు పూర్తి వేగంతో తిప్పినా రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గలేదు. వేడికి అడ్డు నీటి దగ్గర కాక ప్రాసెసర్ పైనుండే లోహపు మూత (హీట్ స్ప్రెడర్) కిందే ఉందని తేలాక, ఆ మూతను ఊడదీసే ఈ డీలిడ్ పరికరాన్ని తెప్పించుకున్నాను.

శాండీ బ్రిడ్జ్ తరం వరకు డైని (మూత కింద ఉండే అసలు సిలికాన్ చిప్‌ను) మూతకు సోల్డర్‌తో, అంటే కరిగించిన లోహపు అతుకుతో, అతికించిన ఇంటెల్, 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ తరం నుంచి ఈ తరగతి ప్రాసెసర్లలో వేడిని దాటించే థర్మల్ పేస్టుకు మారింది. నింద అంతా పేస్టు మీదికే పోతుంది గాని, మూత అంచులను అంటించే సిలికోన్ జిగురు మందం వల్ల డైకీ మూతకూ మధ్య మిగిలిపోయే సందుది కూడా చిన్న తప్పేమీ కాదు.

పరికరం పనితీరు సరళం: ప్రాసెసర్‌ను గాడిలో కూర్చోబెట్టి అలెన్ కీతో స్క్రూ తిప్పుతుంటే, లోహపు దిమ్మె మూతను పక్కకు నెట్టి జిగురును తెంపుతుంది. స్కైలేక్ తరం నుంచి సబ్‌స్ట్రేట్ (డై కూర్చునే పలక) బాగా పలచబడినందున, బ్లేడుతోనో బెంచ్ వైస్‌తోనో ఇదే పని చేయడం కంటే ఇది ఎంతో సురక్షితం. జిగురు తెగినప్పుడు వచ్చే ‘టప్’ శబ్దానికి మాత్రం గుండె ఒక్క క్షణం ఆగినంత పనవుతుంది.

అసలు శ్రమ ఆ తరువాతే మొదలవుతుంది. పాత జిగురును ప్లాస్టిక్ ముక్కతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, డై పక్కన బయటపడి ఉన్న కాంటాక్టులపై నెయిల్ పాలిష్ పూసి, ఆపైన గాలియం, ఇండియం, తగరం కలిసిన లిక్విడ్ మెటల్‌ను డై మీద, మూత లోపలి వైపున పలచగా రుద్దాలి. ఇది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది కనుక ఒక్క బొట్టు కూడా పక్కకు జారకూడదు.

పరికరంలోని లోపం మూతను తిరిగి అతికించే బిగింపు దగ్గర బయటపడింది. స్క్రూ బిగిస్తుండగా మూత కొద్దిగా పక్కకు జరగడంతో మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ చేయవలసి వచ్చింది. తయారీదారు ఇచ్చిన కాగితంలో ఈ దశకు రెండే వాక్యాలున్నాయి. రెండోసారి జిగురును నాలుగు మూలల్లో చుక్కలుగా మాత్రమే పెట్టాను.

ఫలితం విషయంలో ఫిర్యాదు లేదు. అదే వోల్టేజీ, అదే పరీక్షలో ఉష్ణోగ్రత 70ల్లోకి దిగింది. అయితే క్లాక్ (ప్రాసెసర్ వేగం) 4.9 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది. అక్కడ అడ్డుపడేది వేడి కాదు, ఆ చిప్ సామర్థ్యమే. మూత లేకుండా వాటర్ బ్లాక్‌ను (నీరు ప్రవహించే లోహపు దిమ్మెను) నేరుగా డైపై కూర్చోబెడితే మరికొన్ని డిగ్రీలు దక్కవచ్చు గాని, సాకెట్ బిగింపు నొక్కేది మూతనే కాబట్టి దానికి వేరే ఫ్రేము కావాలి, పైగా ఒత్తిడి సమంగా పడకపోతే డై మూల చిట్లుతుంది. నేను ఆ జోలికి పోలేదు.

మూత తీసిన క్షణమే వారంటీ పోతుంది. ఐ9-9900కెలాగా మళ్లీ సోల్డర్ వాడిన ప్రాసెసర్లకు ఈ పరికరం వాడకూడదు. సోల్డర్ పట్టుకు మూతతోపాటు డై కూడా పగిలి రావచ్చు.