చావుకు తలవంచే పాత్రలు: నిస్సహాయతా, అపరాధభావమా?

చీకటి థ్రిల్లర్లలో, గడియ వేయని తలుపు ఎదురుగానే కనిపిస్తున్నా, పాత్ర కుర్చీలోంచి లేవకుండా హంతకుడి కోసం ఎందుకు ఎదురుచూస్తుందన్న ప్రశ్న మీద పర్లాకిమిడిలో తెలుగు నవలలు చదువుకునే మా మిత్రుల మధ్య ఈమధ్య ఎడతెగని చర్చ నడిచింది.

మొదటి సమాధానం నిస్సహాయత. తప్పించుకోలేని విద్యుత్ షాకులు తిన్న కుక్కలు, తర్వాత దారి దొరికినా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయని అమెరికన్ మనస్తత్వవేత్తలు సెలిగ్మన్, మేయర్ 1967లో చూపారు. అయితే ఆ చలనరాహిత్యం నేర్చుకున్నది కాదనీ, ఎడతెగని బాధకు అది సహజ స్పందనేననీ, పరిస్థితి తన చేతిలో ఉందన్న సంగతినే మెదడు నేర్చుకోవలసి ఉంటుందనీ వారే 2016లో సవరించుకున్నారు. రచయితకు ఈ సవరణ ఎంతో విలువైనది, ఎందుకంటే పాత్ర ఎన్నిసార్లు పోరాడి ఓడిందో చూపకుండా చివరి పేజీలో దాన్ని చావుకు ఒప్పించడం పాఠకుణ్ణి మోసగించడమే.

రెండోది అపరాధభావం, అంటే ఈ చావు తనకు తగిన శిక్షేనని పాత్ర నమ్మడం. "రాసిపెట్టి ఉంది" అన్న మాట మనకు సులువుగా నోటికి వస్తుంది కనుక దీన్ని అరకొరగా వాడేవారే ఎక్కువ, అందువల్ల నా మొగ్గు మొదటిదాని వైపే. కానీ తాను నీట ముంచిన మనిషి చెప్పులను ఇరవై ఏళ్లు చూరులో దాచుకున్నవాడు, మహేంద్రతనయ నది ఒడ్డున ఆ మనిషి కొడుకు ఎదురైనప్పుడు పరుగెత్తకపోతే నేను పూర్తిగా నమ్ముతాను.