జుట్టు రంగు చూసి సిగార్ చేతికిచ్చే షాపులు: ఏళ్ల తరబడి కొన్నాక రాస్తున్న సమీక్ష

సిగార్ల మీద సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి. అమ్మే మనిషి మీద మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. ఇది అమెరికాలో వాకిన్ హ్యూమిడర్ (సిగార్లు ఎండిపోకుండా తేమ నిలిపే, లోపలికి నడిచి వెళ్లే గది) ఉన్న షాపుల కౌంటర్ సేవ గురించి, అందులోనూ ఒక్క లోపం గురించి. లోపలికొచ్చిన మనిషి వయసు చూసి, నోరు తెరిచేలోపే ఏ సిగార్ ఇవ్వాలో సిబ్బంది నిర్ణయించేయడం ఆ లోపం. కస్టమర్లూ తక్కువ తినలేదు, వాళ్లు సిబ్బందిని అదే తూకంతో తూస్తారు. మొత్తం మీద సరుకుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, సలహాకి మాత్రం మూడే.

వయసు అడగవలసిన చోటు ఒకటుంది, అది బిల్లు కౌంటర్. 2019 డిసెంబర్ 20న సంతకమైన ఫెడరల్ చట్టంతో పొగాకు అమ్మకానికి కనీస వయసు దేశమంతటా 21 అయింది. ప్రీమియం సిగార్ల మీద ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన నిబంధనలను 2023లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కానీ 21 ఏళ్ల నియమం నేరుగా చట్టంలోనే ఉంది కాబట్టి అది సిగార్లకీ వర్తిస్తుంది. సిగరెట్ల లాంటి వాటికి 30 ఏళ్ల లోపువాళ్ల ఫొటో ఐడీ తప్పక చూడాలన్న నియమం 2024 సెప్టెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆ గీత 27 దగ్గర ఉండేది. ఒకే కౌంటర్ మీద సిగరెట్లూ సిగార్లూ అమ్మే షాపులు చాలావరకు రెండింటికీ ఒకే పద్ధతి పాటిస్తాయి. మైనర్లను పంపి కొనిపించి చూసే తనిఖీలు జరుగుతుంటాయి. దొరికితే ముందు హెచ్చరిక లేఖ, మళ్లీ దొరికితే జరిమానా. అందుకే నెరిసిన తలని కూడా ఐడీ అడిగితే కోపగించుకోవడంలో అర్థం లేదు. అందరినీ అడిగే షాపే మంచి షాపు. ముఖం చూసి కొందర్నే అడిగే చోట, ఆ చూపే తర్వాత హ్యూమిడర్ లోపలికి కూడా మన వెంట వస్తుంది.

మనవాళ్లకి ఇక్కడ మూడు చిక్కులున్నాయి. మన దేశంలో 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం 18 నిండితే అమ్మొచ్చు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్‌కి వచ్చిన 20 ఏళ్ల కుర్రాడికి ఇక్కడ అమ్మరు, వాదించి లాభం లేదు. 21 దాటినవాళ్లకి పాస్‌పోర్టుతో ఇంకో తంటా. భారతీయ పాస్‌పోర్టులో ముందు రోజు, తర్వాత నెల ఉంటాయి. 05/11/2004 అన్న తేదీని అమెరికన్ కళ్లు మే 11గా చదువుతాయి, అసలు అది నవంబర్ 5. దాదాపు ఆరు నెలల తేడా! పొరపాటు ఎటువైపైనా జరగొచ్చు. 21 నిండినవాడిని వెనక్కి పంపనూ వచ్చు, నిండనివాడికి అమ్మేయనూ వచ్చు. దీనికి విరుగుడు అదే పేజీ అడుగున ఉంది. అక్కడ మెషీన్ చదివే రెండు వరసలుంటాయి. రెండో వరసలో పాస్‌పోర్టు నంబరు, ఒక చెక్ అంకె, ఐఎన్‌డీ అనే మూడు అక్షరాలు, వాటి వెంటనే ఆరంకెలు వస్తాయి. ఆ ఆరూ ఏడాది, నెల, రోజు, అదే క్రమంలో. పై తేదీ అక్కడ 041105 అని కనిపిస్తుంది. వేలు పెట్టి చూపిస్తే పది సెకన్లలో తేలిపోతుంది.

మూడో చిక్కు డ్రైవింగ్ లైసెన్సు. చాలా రాష్ట్రాల్లో 21 లోపువాళ్లకి నిలువు కార్డు ఇస్తారు. 21 నిండాక కూడా గడువు తీరేదాకా కొందరు దాన్నే వాడుతుంటారు. నిలువు కార్డు కనపడగానే తేదీ చదవకుండా తల అడ్డంగా ఊపే కుర్రాళ్లు కౌంటర్ల దగ్గర ఉన్నారు. కార్డు మీదే 21 ఎప్పుడు నిండుతుందో అచ్చేసి ఉంటుంది, వెనకనున్న బార్‌కోడ్ స్కాన్ చేసినా తెలుస్తుంది. తరచూ కొనేవాళ్లు మాత్రం కార్డు మార్పించుకోవడం నయం.

ఇక అసలు గొడవ హ్యూమిడర్ గదిలో మొదలవుతుంది. పాతికేళ్ల మనిషి లోపలికొస్తే సిబ్బంది చెయ్యి సాధారణంగా మూడు వైపులకి వెళ్తుంది: తీపి వాసన పట్టించిన ఇన్ఫ్యూజ్డ్ సిగార్లు, లేత రంగు కనెక్టికట్ రాపర్ (పైన చుట్టే ఆకు) సిగార్లు, లేదా 60 రింగ్ గేజ్ దుంగలు. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు లెక్క. 60 అంటే దాదాపు 24 మిల్లీమీటర్ల లావు, 50 అంటే 20, 42 అంటే 17 కంటే కాస్త తక్కువ. ఈ మూడూ చెడ్డవని అనను. అడక్కుండా అంటగట్టడమే తప్పు. ఇన్ఫ్యూజ్డ్ వాటితో నష్టం ఒక్క సిగార్‌తో ఆగదు. వాటి వాసన పక్కవాటికి పడుతుంది, అందుకే షాపులో వాటికి విడిగా బీరువా ఉంటుంది. ఇంటికి తెచ్చి మామూలు సిగార్లున్న డబ్బాలో పెడితే దేవదారు పలకలు కూడా ఆ వాసన పీల్చుకుంటాయి, నెలల తరబడి వదలదు. ఈ ముక్క చెప్పకుండా అమ్మేవాళ్లే ఎక్కువ. 60 గేజ్ సంగతి ఇంకోటి. లావు పెరిగేకొద్దీ పొగలో ఫిల్లర్ (లోపల కూరే పొగాకు) వాటా పెరిగి, రాపర్ వాటా తగ్గుతుంది. రాపర్ రుచి తెలుసుకోవాలనుకునే కొత్తవాడికి అది తప్పు పాఠం, పైగా గంటన్నర పైన కూర్చోవాలి.

పెద్దవాళ్లకి జరిగే అన్యాయం మర్యాదగా జరుగుతుంది కాబట్టి బయటపడదు. అరవై దాటిన మనిషిని చూడగానే చర్చిల్ సైజు, అంటే ఏడు అంగుళాలు, 47 గేజ్, ఖరీదైన అర నుంచి దిగుతుంది. ఎండాకాలంలో పిల్లల దగ్గరికి వచ్చిన తండ్రిని కొడుకు షాపుకి తీసుకెళ్తే, సిబ్బంది ఆయనవైపే తిరిగి మాట్లాడతారు. సిగార్ కాల్చేది కొడుకు, ఆయన పాతికేళ్ల కిందటే సిగరెట్ మానేసి ఉండొచ్చు. గోదావరి లంక పొగాకుతో చుట్టిన చుట్ట అలవాటున్న ఊళ్లో పుట్టినా, అది సిగార్‌కి అనుభవం కింద పనికిరాదు. ఆకు వేరు, ఊరబెట్టే తీరు వేరు, లాగే వేగం వేరు. అసలు మన దగ్గర చుట్ట ముసలివాళ్ల సొత్తు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లూ ఎక్కువగా పెద్దవాళ్లే (అంగిట్లో క్యాన్సర్ తెచ్చే అలవాటు అది). అందుకే సిగార్ కూడా వయసుతో వచ్చే విద్య అని మనలో చాలామంది నమ్ముతారు. షాపువాడి తప్పుడు లెక్కకి మన నమ్మకం తోడైతే పెద్దాయన చేతిలో 20 డాలర్ల చర్చిల్ సగం కాలి ఆరిపోతుంది. ఆరిన సిగార్ ఓ గంట తర్వాత మళ్లీ వెలిగిస్తే చేదు తప్ప ఏమీ మిగలదు.

వయసు ఒక్క విషయంలో కాస్త దారి చూపిస్తుంది, మనిషి ఏ కాలంలో మొదలుపెట్టాడన్నది. సిగార్ అఫిషనాడో పత్రిక వచ్చిన 1992 తర్వాత అమెరికాలో సిగార్లకి పెద్ద ఊపొచ్చింది. అప్పుడు అలవాటైనవాళ్లలో చాలామందికి మెత్తటి డొమినికన్ రుచి నాలుక మీద ఉంటుంది. 2000ల తర్వాత వచ్చినవాళ్లు నికరాగ్వా ఘాటుతో మొదలుపెట్టారు. అంటే కుర్రాడికి మెత్తనిది, పెద్దాయనకి ఘాటుది అనే కౌంటర్ సూత్రం తలకిందులుగా పనిచేసే సందర్భాలే ఎక్కువ. వయసు మీదపడ్డాక వాసన, రుచి మందగించడం కూడా నిజమే. అప్పుడు ఘాటు పెంచుకునేవాళ్లుంటారు, గుండె డాక్టర్ మాట విని తగ్గించుకునేవాళ్లూ ఉంటారు. చూపుతో ఇది తేలదు.

రంగు చూసి ఘాటు అంచనా కట్టడం దీనికి తోడబుట్టిన పొరపాటు. మదూరో రాపర్ నల్లగా ఉండేది ఎక్కువకాలం, ఎక్కువ వేడిలో ఊరబెట్టినందువల్ల. దాంతో తీపి వస్తుంది. నికోటిన్ బలం ప్రధానంగా ఫిల్లర్లో లిగేరో, అంటే మొక్క పైభాగాన ఎండ తిన్న ఆకు, ఎంత ఉందన్న దాన్నిబట్టి. పాడ్రోన్ 1964 లాంటి బ్రాండ్లు ఒకే సైజులో నేచురల్ (లేత రంగు), మదూరో రెండు రాపర్లతోనూ దొరుకుతాయి. పక్కపక్కన కాల్చి చూస్తే ఈ విషయం అర్థమవుతుంది. "అబ్బాయ్, ఇది నీకు ఎక్కువవుతుంది" అని నల్లటిదాన్ని దూరం పెట్టి, లిగేరో దట్టించిన గోధుమరంగు సిగార్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉండగలదు. ఖాళీ కడుపుతో కాల్చితే ఏ వయసువాడికైనా చల్లచెమటలు పట్టి కడుపులో తిప్పుతుంది. అలా అయితే సిగార్ పక్కన పెట్టి, కూర్చుని, నీళ్లు తాగి, చాక్లెట్టో పంచదారో నోట్లో వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. మంచి లాంజ్‌లో (షాపులోనే కూర్చుని కాల్చే గది) కౌంటర్ మీద మిఠాయి గిన్నె ఉండేది ఇందుకే.

పనితెలిసిన సిబ్బంది వయసు జోలికి పోకుండా నాలుగు సంగతులు అడుగుతారు. ఆఖరిసారి నచ్చింది ఏది? ఎంతసేపు కూర్చుంటారు? తిన్నారా? ఎంతలో కావాలి? ఈ నాలుగు జవాబులతో ఎంపిక దాదాపు అయిపోతుంది. అరగంట కంటే కాస్త ఎక్కువ ఉంటే పెతీ కరోనా అనే చిన్న సైజు, ముప్పావుగంట నుంచి గంటైతే రొబస్టో, అంటే ఐదు అంగుళాలు, 50 గేజ్. గంటంబావు ఉంటే ఆరంగుళాల టోరో. చర్చిల్ ముట్టుకోవాలంటే గంటన్నర చేతిలో ఉండాలి. డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడిగే షాపునే నేను నమ్ముతాను. రాష్ట్రాన్నిబట్టి అదే సిగార్ ధర చాలా మారుతుంది మరి. టెక్సాస్‌లో రాష్ట్ర పొగాకు పన్ను ఒక్కో సిగార్ మీద సెంటున్నర దాటదు, పెన్సిల్వేనియాలో పెద్ద సిగార్ల మీద అసలు లేదు, న్యూయార్క్‌లో హోల్‌సేల్ ధర మీద 75 శాతం. న్యూయార్క్‌లో చవకది అడిగిన కుర్రాడికి లెక్క తెలుసన్నమాట, జేబు ఖాళీ అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు కౌంటర్ ఇవతలివైపు. నెరిసిన గడ్డం మనిషే యజమాని అనీ, ఆయనకే అన్నీ తెలుసనీ అనుకుని, పక్కనున్న పాతికేళ్ల అమ్మాయిని దాటుకుని ఆయన దగ్గరికి వెళ్లిపోతారు జనం. ఆయన ఉద్యోగ విరమణ తర్వాత సరదాకీ, సిబ్బంది డిస్కౌంట్‌కీ వారానికి రెండు పూటలు వచ్చేవాడు కావచ్చు. ఆర్డర్లు పెట్టేది, పెట్టెలు తిప్పేది, తేమ యంత్రంలో నీళ్లు పోసేది ఆ అమ్మాయి కావచ్చు. "ఇంకెవరైనా అనుభవమున్నవాళ్లు ఉన్నారా?" అని ముఖం మీదే అడిగేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అలా అడిగాక మంచి సలహా ఎక్కణ్నుంచి వస్తుంది?

తెలివిని వయసుతో కాకుండా ప్రశ్నతో కొలవొచ్చు. గదిలో తేమ ఎంత పెడతారని అడగండి. 65 నుంచి 70 శాతం మధ్య ఒక అంకె చెప్పి, గోడ మీది మీటర్ చూపిస్తే సరే. ఆ మీటర్ని ఎలా సరిచూస్తారని అడిగితే ఉప్పు పరీక్ష చెప్పాలి: సీసా మూతలో ఉప్పు, ముద్దయ్యేటన్ని నీటి చుక్కలు, మీటర్‌తో కలిపి గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. వేడి 24 డిగ్రీల సెల్సియస్ దాటితే ఏమవుతుందంటే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయని తడుముకోకుండా రావాలి. షెల్ఫ్ మీది కొహీబా, మాంటెక్రిస్టో బ్రాండ్లు క్యూబావేనా అని అడిగినప్పుడు కాదని సూటిగా చెప్పాలి. క్యూబా సరుకు మీద అమెరికా పెట్టిన 1962 నాటి ఆంక్షలు ఇంకా ఉన్నాయి, ఇక్కడ అమ్మే ఆ పేర్లవి వేరే కంపెనీలు క్యూబా బయట తయారుచేసేవి. నవ్వి ఊరుకున్నారంటే, వాళ్ల తల నెరిసినా సరే, సలహా ఇంకొకరి దగ్గర తీసుకోండి.

నన్ను ఎక్కువగా చిరాకుపెట్టేది ముట్టుకునే విషయంలో రెండు నీతులు. పెద్దాయన సిగార్ని వేళ్లతో నొక్కి, ముక్కుకి ఆనించి వాసన చూసి మళ్లీ పెట్టెలో పెడితే ఎవరూ మాట్లాడరు. కుర్రాడు పెట్టె మూత తెరిస్తేనే వెనకాల నిలబడతారు. నొక్కుడికి రాపర్ చిట్లేది ఎవరి వేళ్లకైనా ఒకటే. సెల్లోఫేన్ ఉన్నదాన్ని తీసి చూడొచ్చు, లేనిదాన్ని అడిగి తీయించుకోవాలి, ఈ నియమం గోడ మీద రాసి పెట్టిన షాపుల్లో గొడవ ఉండదు. కత్తిరించడంలోనూ ఇదే తంతు. కుర్రాడి సిగార్ని అడక్కుండానే కోసి ఇస్తారు, అదీ తొందరలో టోపీ (సిగార్ తల దగ్గర అతికించిన ఆకు ముక్క) అంచు గీత దాటి. రెండు మిల్లీమీటర్ల లోపే కోయాలి, గీత దాటితే రాపర్ విప్పుకుంటుంది. కట్టర్ తెచ్చుకున్నానని ముందే చెప్పేయడం మేలు.

షాపుల రకాల్లో చూస్తే, మద్యం దుకాణంలో ఒక మూల గాజు బీరువా పెట్టినవాళ్ల దగ్గర అంచనాలూ లేవు, జ్ఞానమూ లేదు. ఐడీ చూసి ఇచ్చేస్తారు. లాంజ్ ఉన్న పెద్ద చెయిన్ షాపుల్లో ప్రశ్నలు అడగడం నేర్పించినట్టు కనిపిస్తుంది, కానీ నెలవారీగా తోయాల్సిన బ్రాండ్ ఏదో ఒకటి ఉంటుంది. కుటుంబం నడిపే చిన్న షాపులోనే వయసు పట్టింపు ఎక్కువ. అక్కడే, ముఖం తెలిశాక, మీ పేరు రాసి పెట్టె పక్కకి తీసి ఉంచే అవకాశమూ ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు శుక్ర, శనివారాల సాయంత్రాలు వదిలేసి మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. లాంజ్ ఖాళీగా ఉంటుంది, సిబ్బందికి అడిగే తీరికా వినే ఓపికా ఉంటాయి. ఆఖరిసారి నచ్చిన సిగార్ బ్యాండ్ (పేరున్న కాగితపు పట్టీ) ఫొటో ఫోన్లో ఉంచుకుంటే, అవతలివాళ్లు వయసు లెక్క మొదలుపెట్టేలోపే మీరు దాన్ని చూపించవచ్చు.