ఓడీసీ ఆన్‌లైన్ పర్మిషన్: కొన్నేళ్లు వాడాక

ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్ డ్రమ్ములు, గాలిమరల రెక్కలు పంపే పనిలో ఉన్నాను. ఓడీసీ, అంటే మామూలు కొలతలకు మించిన సరుకు, పర్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాక మా బళ్లన్నీ వాటి మీదే నడుస్తున్నాయి. జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు ఈ పద్ధతికి పెద్దగా వంక పెట్టలేను. తలనొప్పంతా రహదారి దిగాకే.

ఫైలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడం పోయింది. పుల్లర్ (ట్రైలర్‌ను లాగే బండి), ట్రైలర్ ఆర్సీలు, యాక్సిల్ వరుసలు, సరుకు కొలతలు, రూటు ఎక్కించి ఫీజు కడతాం. దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. 2018లో స్థూల బరువు (బండి, సరుకు కలిపి) పరిమితిని 49 టన్నుల నుంచి 55కి పెంచడం వల్ల మా చిన్న లోడ్లు కొన్నిటికి బరువు గొడవే లేకుండా పోయింది. వెడల్పు 2.6 మీటర్లు దాటితే మాత్రం సరుకు ఎంత తేలికైనా పర్మిషన్ తప్పదు.

వంతెనల విషయంలో నిబంధనలు కఠినంగానే ఉన్నాయి, ఉండాలి కూడా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో 385 టన్నుల ప్రత్యేక వాహనం లెక్క ఉంది. వరుసకు 18 టన్నుల చొప్పున 20 యాక్సిళ్లు, వాటి ముందు పుల్లర్. అలాంటి బండి వంతెన ఎక్కినప్పుడు దాని మీద ఇంకో వాహనం ఉండకూడదు. రోడ్డు మధ్యలోనే, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోవాలి. వెనకాల హారన్లు మోగుతుంటే ఆ వేగంలో దాటించడానికి డ్రైవర్‌కు చాలా ఓపిక కావాలి. పాత వంతెనలకు ఈ లెక్క వర్తించదు, వాటి బలం విడిగా చూపించాల్సిందే.

ఇక లోటు. కరెంటు తీగలు, రైల్వే గేట్లు, ఊళ్లోని ఆర్చీలు ఈ ఒక్క పర్మిషన్‌తో తేలవు. విద్యుత్ లైనున్న రైల్వే గేటు దగ్గర ఎత్తు కొలిచే కమ్మీ 4.67 మీటర్లే ఉంటుంది. రహదారిపై ఫ్లైఓవర్ కింద 5.5 మీటర్లు దొరుకుతుంది. అంటే 300 కిలోమీటర్లు దర్జాగా వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్, సబ్‌స్టేషన్ కనుచూపు మేరలో ఉండగా గేటు దగ్గర ఆగిపోవచ్చు. రైల్వేకి వేరే దరఖాస్తు, విద్యుత్ సంస్థకి వేరే ఉత్తరం, రాష్ట్ర రోడ్డుకి ఇంకో అనుమతి. నిబంధనలు మళ్లీ మారిస్తే ముందు మార్చాల్సింది ఇదేనని నా అభిప్రాయం. అప్పటిదాకా తెరమీద రూటు ఎంత నీటుగా కనిపించినా, కొలకర్రతో మనిషిని ముందు పంపి సర్వే చేయించనిదే బండి కదిలించను.

పర్మిషన్ ప్రింటు క్యాబిన్‌లోనే ఉంచండి. ఒక చెక్‌పోస్టులో దాని మీద సిరా సంతకం లేదని మా బండిని పూటంతా ఆపేశారు. 2019 సెప్టెంబరు నుంచి అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 జరిమానా. సరుకు బాడీ దాటి బయటికి వచ్చినా 20,000, కాకపోతే ఆ లోడుకు అధికారులిచ్చిన మినహాయింపు చేతిలో ఉంటే అది పడదు.

కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఆన్‌లైన్ పత్రం. అందులో వాహనం రకం దగ్గర ఓడీసీ ఎంచుకుంటే 20 కిలోమీటర్లకు ఒక రోజు గడువు వస్తుంది, మామూలు బండి అని పెడితే 200 కిలోమీటర్లకు ఒక రోజే. 600 కిలోమీటర్ల రూటుకు 30 రోజులెక్కడ, మూడు రోజులెక్కడ! భారీ లోడ్లు మోసే మా హైడ్రాలిక్ బండి ఆ మూడు రోజుల్లో జిల్లా దాటితే గొప్ప.