కూనూర్: రైలుకు నూటికి నూరు, బసకు సున్నా

ఊటీ వెళ్లే మనవాళ్లు కూనూర్‌లో టీ తాగడానికి ఆగి, మళ్లీ కారెక్కి వెళ్లిపోతారు. అలా చేయకండి. ఊటీ కంటే కూనూరే మేలు. ముఖ్యంగా ఇంట్లో రైల్వేలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఊరు వాళ్లకు తప్పకుండా చూపించాలి. కానీ బస విషయంలో అక్కడ మమ్మల్ని నిలువునా ముంచారు. ఇంకెవరికీ అలా జరగకూడదని ఆ సంగతి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా మామయ్యగారు బొగ్గు ఇంజన్ల కాలంలో బెజవాడ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. పళ్ల పట్టా (రంపంలా పళ్లున్న ఇనుప కడ్డీ) మీద నడిచే రైలు మన దేశం మొత్తం మీద నీలగిరిలో ఒక్కటే ఉందని, అది చూడకుండానే పోతానేమోనని ఎప్పటినుంచో అంటున్నారు. అందుకే సంక్రాంతి రద్దీ తగ్గాక ఫిబ్రవరిలో బయల్దేరాం. పొద్దున్నే పినాకినీలో చెన్నై, రాత్రికి నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో మెట్టుపాళయం. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. తెల్లవారుతూనే దిగాం, ఎదుటి ప్లాట్‌ఫాం మీద కొండ రైలు సిద్ధంగా ఉంది. అది బయల్దేరేది 7.10కి.

మా ఆయనకు ఈ రైలు ఆలోచన మొదటినుంచీ నచ్చలేదు. కారులో గంటంబావులో పోయే దూరానికి మూడు గంటలకు పైగా చెక్క పెట్టెలో కూర్చోవడమేంటని చెన్నై నుంచీ గొణుగుతూనే ఉన్నారు. మావి సెకండ్ క్లాస్ టికెట్లు, మనిషికి మూడొందలు దాటలేదు. సీట్లు ఇరుకే. మోకాళ్లు ఎదుటివాళ్లకు తగులుతాయి. డబ్బుకు వెనకాడకపోతే ఫస్ట్ క్లాస్ తీసుకోండి. ఇంజన్ వెనకనుంచి నెడుతుంది కాబట్టి ముందు పెట్టెలో కూర్చున్నవాళ్లకు దారంతా అడ్డం లేకుండా కనబడుతుంది.

కల్లార్ దాకా ఇది మామూలు మీటర్ గేజ్ రైలే. అసలు కథ అక్కడ మొదలవుతుంది. రెండు పట్టాల నడుమ పళ్లున్న ఇనుప కడ్డీలు రెండు పక్కపక్కనే పరిచి ఉంటాయి. ఒక కడ్డీలో పన్ను ఉన్నచోట రెండో కడ్డీలో సందు ఉంటుంది. ఇంజన్ కింది పళ్లచక్రం వాటిని పట్టుకుంటూ ఎక్కుతుంది. ఒక పన్ను వదిలేలోపే రెండోది పట్టు దొరకబుచ్చుకుంటుంది కాబట్టి బండి వెనక్కి జారదు. రోమన్ ఆబ్ట్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు కనిపెట్టిన పద్ధతి ఇది. హిల్‌గ్రోవ్ దగ్గర దిగి చూశాం. కడ్డీలంతా నల్లటి గ్రీజు, చక్రం రాసుకునే చోట మాత్రం పళ్లు వెండిలా మెరుస్తున్నాయి.

"వందకు ఒక అడుగు ఎత్తుంటేనే గూడ్సు బండితో మాకు చెమటలు పట్టేవి తల్లీ, ఇక్కడ పన్నెండుకు ఒకటి!" అని మామయ్య మా అమ్మాయికి చెబుతుంటే, ఎదుటి బెంచీ మీది కోయంబత్తూరు వాళ్లు భాష రాకపోయినా వింటూ కూర్చున్నారు. ఇంజన్‌కు నాలుగు సిలిండర్లుంటాయట. రెండు మామూలు చక్రాలకు, రెండు పళ్లచక్రానికి. పళ్ల పట్టా వచ్చాక, మొదటి జతలో పనిచేసి వచ్చిన ఆవిరే రెండో జతకు వెళ్లి పళ్లచక్రాన్ని తిప్పుతుంది. చప్పుడు మారగానే మామయ్య వేలు పైకెత్తి "ఇదుగో, రెండోది అందుకుంది" అన్నారు. మాకెవరికీ ఆ తేడా తెలియలేదు.

ఈ కొండకు రైలు వేయాలన్న ప్రతిపాదన 1854 నాటిది. కూనూర్ దాకా రైలు నడిచింది మాత్రం 1899లో. అక్కడినుంచి ఊటీకి 1908లో పొడిగించారు. అంటే తొమ్మిదేళ్లు కూనూరే ఆఖరి స్టేషన్. మొత్తం 46 కిలోమీటర్ల దారిలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు వీటన్నిటికంటే నచ్చినవాళ్లు బ్రేక్‌మన్లు. పెట్టె పెట్టెకూ ముందు అరుగు మీద ఒకరు నిలబడి జెండా ఊపుతుంటారు. ఇంజన్ వెనకుంది కదా, డ్రైవర్‌కు ముందు దారి కనబడదు. వీళ్ల జెండాలే ఆయనకు కళ్లు. ఎండైనా మంచైనా అలా నిలబడే వెళ్తారు.

హిల్‌గ్రోవ్‌లో ఇంజన్ నీళ్లు తాగేదాకా బండి ఆగుతుంది. వడలు, టీ దొరుకుతాయి. వడ 15 రూపాయలు, వేడిగా ఉన్నాయి. కోతులతో జాగ్రత్త. మా అమ్మాయి చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ అక్కడే పోయింది. ఆ ఏడుపు తర్వాతి రెండు సొరంగాల దాకా సాగింది.

కూనూర్‌లో ఆవిరి ఇంజన్ తీసేసి, ఊటీ వైపుకు డీజిల్ ఇంజన్ తగిలిస్తారు. మేం దిగేసరికి ఇంజన్ పక్కకు వెళ్లి నిలబడింది. మామయ్య నెమ్మదిగా దాని దగ్గరకు నడిచారు. తమిళం రాదు. డ్రైవర్‌కు తన పాత రైల్వే గుర్తింపు కార్డు చూపించి "బెజవాడ, స్టీమ్" అన్నారు, అంతే. ఆయన చేతిలో కాటన్ వేస్ట్‌తో రెయిలింగ్ తుడిచి, "వాంగ సార్" అని చేయందించి పైకెక్కించాడు. ఇప్పుడివి చాలావరకు ఆయిల్‌తో నడిచేవి, పార పట్టే పని లేదు. అయినా మామయ్య గేజీలన్నీ ఒక్కొక్కటే చదివి, నీటి మట్టం చూపే గాజు గొట్టం దగ్గర ఆగి, ఆ డ్రైవర్‌తో చేతులతోనే చాలాసేపు మాట్లాడారు. కిందికి దిగాక మా ఆయనతో "ఒరేయ్, ఫొటో సరిగ్గా వచ్చిందా చూడు" అన్నారు. అప్పటినుంచి మా ఆయన గొణుగుడు ఆగిపోయింది.

ఇక బస సంగతి.

ఫోన్‌లో యాప్ చూసి ఒక హోంస్టే బుక్ చేశాం. నలుగురు పట్టే గది, రాత్రికి 3,250. "లోయ కనబడే బాల్కనీ, 24 గంటలూ వేడినీళ్లు, స్టేషన్‌కు ఐదు నిమిషాలు" అని రాశారు. ముందే 6,500 కట్టించుకున్నారు. పెద్దాయన ఉన్నారు, మెట్లు లేకుండా చూడండి అని ఫోన్ చేసి అడిగితే "నో ప్రాబ్లం మేడమ్" అన్నారు. తీరా వెళ్తే రోడ్డు మీద నుంచి గది దాకా నిట్టనిలువు మెట్లు. చేతిపట్టు కూడా లేదు. మామయ్య మూడుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నారు. బాల్కనీ అన్నది పక్కింటి నీళ్ల ట్యాంకు వైపు తెరుచుకునే రెండడుగుల అరుగు. లోయ కావాలంటే ట్యాంకు మీదెక్కి చూడాలి.

నాలుగో మనిషికి పరుపు వేయమంటే 700 అన్నారు. గది నలుగురికని రాసింది చూపిస్తే, "పిల్లలు ఇద్దరైతే నలుగురు" అన్నాడు మేనేజరు. రాత్రి చలికి మామయ్యకు కాళ్లు పట్టేశాయి. హీటర్ అడిగితే ఇంకో 600. దుప్పటి ఇంకొకటి ఇవ్వమంటే స్టాకు లేదన్నాడు. పొద్దున ఆరున్నరకు పంపు తిప్పితే ఐసులాంటి నీళ్లు. "వేడినీళ్లు ఏడు నుంచి ఏడున్నర మేడమ్." 24 గంటలని రాశారు కదా అంటే, "అది యాప్ వాళ్లు రాసుకున్నారు, మాకు సంబంధం లేదు." యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే ప్రాపర్టీ వాళ్లను అడగమన్నారు. ఇలా ఒకరి మీదికి ఒకరు నెట్టేసుకునే చోట మన డబ్బు పోతుంది తప్ప న్యాయం దొరకదు. నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు. ఒక ముసలాయన మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడితే, పైనుంచి చూస్తూ సంచి అందుకోవడానికైనా దిగిరాని ఆ మనిషి గురించి.

తెల్లారగానే ఖాళీ చేసేశాం. గదిలోని ప్రతి మూలా, మెట్లూ, మేనేజరు చేతిరాతతో ఇచ్చిన 1,300 రసీదూ ఫొటోలు తీశాను. బెడ్‌ఫర్డ్ వైపు వెతికితే రోడ్డుకు సమంగా ఉన్న పాతకాలపు లాడ్జి ఒకటి దొరికింది. రాత్రికి 1,800. గోడల రంగు వెలిసింది, టీవీ పనిచేయదు, కానీ అడక్కుండానే బకెట్ నిండా మరిగే నీళ్లు తెచ్చిపెట్టారు, దుప్పట్లు మనిషికి రెండు. కూనూర్‌లో బస ఇలాగే చూసుకోండి: స్టేషన్‌లో సామాను పెట్టుకుని ఒకరు వెళ్లి గది కళ్లారా చూసి డబ్బు కట్టాలి. రద్దీ లేని నెలల్లో గదులు దొరుకుతాయి.

చూసే చోట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిమ్స్ పార్క్ బాగుంది. 1874లో మొదలైన తోట, చెట్లన్నీ మహావృక్షాలు, పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ ఉంది. ల్యాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్, ఒక టీ ఫ్యాక్టరీ కలిపి ట్యాక్సీకి 1,600 తీసుకున్నారు. డాల్ఫిన్స్ నోస్ పొద్దున తొమ్మిదిలోపే వెళ్లాలి, తర్వాత మంచు కమ్మేస్తే కేథరిన్ జలపాతం కాదు కదా పక్కమనిషి కూడా కనబడడు. టీ ఫ్యాక్టరీ అనేది టీ పొడి అమ్మే దుకాణం. దాన్ని వదిలేసి 200 తగ్గించమనండి.

మామయ్య మాత్రం ట్యాక్సీని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ గేటు ముందు ఆపించారు. 1907లో పెట్టిన సంస్థ అది, పిచ్చికుక్క కాటుకు మందు తయారుచేసేది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో కుక్క కరిస్తే కూనూర్ పంపేవారని, వాళ్ల మేనత్తను చిన్నప్పుడు తెనాలి నుంచి అలాగే తీసుకొచ్చారని చెప్పారు. ఆవిడ ఎనభై దాటేదాకా బతికారట. ఈ ఊరి పేరు ఇంట్లో వినడం అలాగే మొదలైందని మాకు అప్పుడే తెలిసింది.

తిండిలో చెప్పుకోవలసింది వర్కీ. పొరలు పొరలుగా, కరకరలాడే బేకరీ తిండి. బస్టాండ్ దగ్గరి బేకరీలో అప్పుడే తీసిన ట్రేలోంచి పావుకిలో 80 రూపాయలకు కొన్నాం. టీలో ముంచకుండా తింటేనే రుచి. మా ఆయన మళ్లీ వెళ్లి కిలో కట్టించుకొచ్చారు. భోజనం మెస్‌లో 120, సాంబారు తియ్యగా ఉంటుంది, పచ్చడి సీసా వెంట ఉంచుకోండి. నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసా తప్పనిసరి. సొంత కారులో వెళ్లేవాళ్లకు ఈ-పాస్ కూడా కావాలి.

దిగేటప్పుడు మెట్టుపాళయం దాకా ప్రభుత్వ బస్సు. ఆ మలుపుల్లో మా అమ్మాయికి వాంతులయ్యాయి. పిల్లలుంటే నిమ్మకాయ దగ్గరుంచుకోండి.

ఇంటికొచ్చాక ఆ ఫొటోలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. తెలుగులోనే మాట్లాడారు. తర్వాత యాప్ వాళ్లు మేం ఉండని రాత్రి అద్దె 3,250 వెనక్కి వేశారు. హీటర్, పరుపు డబ్బులు 1,300 ఇంకా రాలేదు, నేనూ వదల్లేదు.

కొండ రైలు టికెట్లు 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. సీట్లు తక్కువ, ఆ నిమిషానికే కూర్చోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కొండచరియలు పడి రైలు తరచూ రద్దవుతుంది, ఆ నెలలు వద్దు. మెట్టుపాళయం నుంచి దొరక్కపోతే కూనూర్, ఊటీల మధ్య డీజిల్ బండి ఎక్కొచ్చని చాలామంది చెబుతారు. అదీ బాగుంటుంది, వెల్లింగ్టన్, కేటీ, లవ్‌డేల్ స్టేషన్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆ ముక్కలో పళ్ల పట్టా లేదు, ఆవిరి ఇంజన్ లేదు. మా మామయ్యలాంటి వాళ్లను తీసుకెళ్తుంటే మాత్రం దాంతో సరిపెట్టకండి. కింది నుంచి టికెట్ దొరికే తేదీ చూసుకుని, ఆ తేదీకే సెలవు పెట్టుకోండి.