బీఎంఈ280 అని చెప్పి బీఎంపీ280 అంటగట్టినాడు, తిరుపతోళ్లు జాగ్రత్త

షాపు పేరు రాయను. తిరుపతిలో ఆర్డినో (చిన్న ఎలక్ట్రానిక్ ప్రాజెక్టులకు వాడే బోర్డు) సామాన్లు కొనేవాళ్లకు అదేదో చెప్పాల్సిన పని కూడా లేదు. పలమనేరు దగ్గర పట్టుపురుగుల షెడ్డులో తేమ చూపించే చిన్న ప్రాజెక్టు. చాకీ పురుగులకు, అంటే లేత పట్టుపురుగులకు, 85–90 శాతం తేమ ఉండాల. నీలం రంగు డీహెచ్‌టీ11 అనే తేమ సెన్సర్ కొలిచేదే 20 నుంచి 90 దాకా, అదీ 5 శాతం అటూ ఇటూగా. అది 85 చూపిస్తే అసలు 80 ఉందో 90 ఉందో ఆ ఏడుకొండలవాడికే తెలియాల. అందుకే ఖర్చైనా పర్లేదని తేమ కూడా కొలిచే బీఎంఈ280 సెన్సర్ అడిగితే, 380 రూపాయలు తీసుకొని చేతిలో పెట్టింది బీఎంపీ280. దానికి వేడి, గాలి పీడనం తెలుస్తాయి. తేమ కొలిచే భాగమే లోపల లేదు!

వెంటనే దొరికిపోయే మోసం కాదిది. రెండు చిప్పులకూ అదే ఊదారంగు బోర్డు, దాని మీద అచ్చు కూడా ఒకటే: 'బీఎం' తర్వాత ఈ, పీ రెండూ ఉంటాయి. వైరింగ్ ఒకటే, ఐ2సీ అడ్రసూ (ఆర్డినో ఆ సెన్సర్‌ను పిలిచే నంబరు) ఒకటే. "సెన్సర్ దొరకలేదు" అని వస్తే ఎవరైనా ముందు అడ్రసునే అనుమానిస్తారు. అదీ నిజమే, అడాఫ్రూట్ లైబ్రరీ (సెన్సర్‌ను చదివే రెడీమేడ్ ప్రోగ్రాము) తనంతట తాను హెక్స్ (పదహారు అంకెల లెక్క) 77లో వెతుకుతుంది, ఈ చవక బోర్డులు ఎక్కువగా 76లో ఉంటాయి. 76కు మార్చినా అదే పాటైతే చిప్ ఐడీ, అంటే చిప్పు లోపలే ఉండే గుర్తింపు నంబరు, చదవాల. డీ0 రిజిస్టరులో (చిప్పు లోపలి ఒక చిన్న అర) హెక్స్ 60 ఉంటే బీఎంఈ, 58 ఉంటే బీఎంపీ. వచ్చింది 58.

ల్యాప్‌టాప్ కౌంటరు మీద పెట్టి ఆ 58 చూపిస్తే ఏమన్నాడో తెలుసా? "బోర్డు మీద ఈ కూడా ఉండాది కదా సామీ, రెండూ ఒకటే." ఒకటే అయితే పక్క డబ్బాలో బీఎంపీని 90కి ఎందుకు అమ్ముతున్నావంటే జవాబు లేదు. పిన్నులను గోటితో గీకి చూసి, "సోల్డరింగ్ పెట్టేసినావు, వాపసు లేదు" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండు. పక్కన నిలబడిన ఇంజనీరింగ్ పిల్లోళ్ల ముందు, "నువ్వు చేసే ప్రాజెక్టుకు ఇదే ఎక్కువలే" అని నవ్వు. ఆహా! తేమ చాలక ఆకు వాడిపోయినా సర్దుకొని తినమని పురుగులకు కూడా ఆయనే వచ్చి చెప్తాడు కాబోలు.

కళ్లు ఎక్కడ పెట్టుకొని కొన్నానో. బీఎంఈ చిప్పు చదరంగా ఉంటుంది, నాలుగు పక్కలా 2.5 మిల్లీమీటర్లు. బీఎంపీ కాస్త కోలగా, 2 బై 2.5. అర మిల్లీమీటరు చూసుకోనోడికి 380 జరిమానా, బాగా అయింది.

మీరైనా ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చిప్పు ఆకారం చూడండి, బిల్లులో 'బీఎంఈ280' అని పూర్తిగా రాయించుకోండి. ఆరు పిన్నుల బోర్డుకు 3.3 వోల్టులే ఇవ్వాల, 5 వద్దు. తేమ ఒక్కటే కావాలంటే తెల్ల డీహెచ్‌టీ22 చాలు. రెండు సెకన్లకు ఒకసారికి మించి దాన్ని రీడింగ్ అడగొద్దు, బోర్డు లేని నాలుగు కాళ్లదైతే డేటా కాలికీ వీసీసీ (కరెంటు ఇచ్చే) కాలికీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు మీరే వేసుకోవాల. ఇంకోటి, బీఎంఈ తెచ్చుకున్నాక సోల్డరింగ్‌కు తొందరపడొద్దు. పిన్నులను రంధ్రాల్లో దూర్చి, బోర్డును కొంచెం వాల్చి, వేలితో నొక్కిపట్టి ఐడీ చదవండి. 60 కనిపించినాకే ఐరన్ వేడి చెయ్యండి.